ఎర్తు తీగ

బర్కాల పొద్దుగాల నాలుగున్నర.
సముద్రం దిక్కు నుంచి ఉప్పుగాలి.
ఎండ ఎక్కకముందే పని గావాలె.
వీపు మీద డబ్బా, నడుముకు బ్యాటరీ,
చేతిల సన్నటి గొట్టం, దాని మూతికాడ రాగి ఉంగరం.
కొత్త మిషన్. వచ్చి నెల గాలే.

పాతదాంతోని ఇరువై ఏండ్లు కొట్టిన,
మెట్‌పల్లిల పసుపు మీద, ఇక్కడ ఖర్జూరం మీద.
ఆకు పైన తడిసేది, కింద పొడిగనే ఉండేది.
సగం మందు మట్టికి, పావు గాలికి,
మిగిలింది నా ముక్కుకు.
పురుగేమో ఎప్పుడూ అడుగుపక్కనే.
దానికి తెలుసు,
మనిషి పైపైననే చూస్తడని.

ఈ పురుగు పేరు దుబాస్.
మొదటిసారి విని నవ్వాగలే.
మా ఊర్ల దుబ్బంటే దుమ్ము,
దుబాయంటే ఏజెంటు చూపెట్టిన కాయితం,
దిగింది మాత్రం బర్కాల,
ఇప్పుడు మల్ల దుబాసా!
ఆకు రసం తాగి తేనె కారుస్తది.
ఆ జిగురుకు దుమ్మంటి
మట్టలన్నీ మసి పూసినట్టయితయి.

సాలం ముసలాయనది రెండెకరాల తోట.
కొత్త డబ్బాల మందు కొలత చూసి
“ఇంతేనా? ఇంతకుముందు పది డబ్బాలు కొట్టెటోనివి”
అని నన్ను దొంగను చూసినట్టు చూసిండు.
నేనేం జెప్పను, నాకే నమ్మకం లేదు.
కొట్టినంక పిల్లమొక్క కింద
దిష్‌దాషాతోనే ఎల్లెలకల పండుకొని
ఆకు అడుగున వేలు పెట్టి గీసిండు.
తడి.
లేసి, ఏం అనకుంట
కావా ఒంపిండు నాకు.

చినుకు గాదది, చినుకు నూకలు.
కరెంటు పట్టుకున్న బొట్లు
ఒకదాన్నొకటి తోసుకుంట పోయి
ఆకు దగ్గరికి రాంగనే వంగి, తిరిగి,
ముంగటి తలుపు కొట్టి
పెరట్ల తేలిన చుట్టం లెక్క
వెనకకు పోయి అంటుకుంటయి.

క్యాంపుల రఫీకుల్‌కు జ్వరం.
ఎముకలు ఇరిచి పొయ్యిల వెడ్తున్నట్టుందని
బెంగాలీల ఏడ్సిండు, మాకందరికీ అర్థమైంది.
రుస్తాక్ దవాఖాన్ల డెంగీ అన్నరు.
ఇంకో ఇద్దరు కంబళ్లు కప్పుకున్నరు.
దోమ గూడ దుబాస్ లెక్కనే,
మంచాల కింద, వేలాడేసిన అంగీల ఎనక,
అంతా అడుగుపక్క బతుకు.

ఆ రాత్రి తోట మందు కడిగేసి దోమల మందు నింపుకొని
కొత్త రబ్బరు బూట్లేసుకొని రూములకు పోయిన.
మీట నొక్కంగనే చేతి మీది ఎంట్రుకలు లేసినయి.
పొగలాంటి మందు మంచాల దిక్కు పోయినట్టే పోయి
వాపసు నా మీదికే.
మోచేతులు, మెడ, మాస్కు, కండ్లద్దాలు.
మందు నన్నే చెట్టనుకున్నది.

బయటికి ఉరికి ముఖం కడుక్కొని
వర్గీస్ సారుకు ఫోన్ జేస్తే
“ఎర్తు తీగ ఉందా?” అన్నడు.
చూసిన. బెల్టు ఎనకాల తెగి వేలాడ్తున్నది,
తోటల ఏ తుమ్మకొమ్మకో తట్టుకొని.
“నేల అందనోని మీదికే తిరిగొస్తదయ్యా.”
పదకొండేండ్లాయె నేనిక్కడికొచ్చి,
ఈ మాట నాకు మిషన్ గురించి జెప్తున్నడని
రెండోసారి అనుకోవాల్సొచ్చింది.

రూములంతా టైల్సు. మట్టి ఏడ దొరుకుతది?
తీగ ముడేసి, పొడుగు జేసి
గోడ పక్క ఇనుప నల్లాకు సుట్టిన.
ఈసారి మందు సక్కగ పోయింది,
పై మంచం రేకు అడుగుకు, అంగీల ఎనక్కు,
రఫీకుల్ ట్రంకుపెట్టె ఎనకున్న చీకట్లకు.

తీగ ఇప్పుకునేటప్పుడు చూసిన.
నల్లా కింద బకెట్.
నీళ్లు బందయితే పనికొస్తయని వారంగ నింపి పెట్టుకున్నవి.
టార్చి ఏస్తే తోకలాడిస్తున్నయి, వందలు.
మేమే సాదుకున్నం.
దీనికి కరెంటు అక్కర్లేదు,
ఇసుకల పారబోసిన.

తొమ్మిదో నాడు రఫీకుల్ వచ్చిండు, సగమై.
తలుపుకాడ్నే అడిగిండు:
“నా బకెట్ ఏది?”
దాన్ని బోర్లేసి
దాని మీద కూసొనే ఉన్న,
బూట్లు ఇప్పుకుంట.