నలభై ఎనిమిది పళ్ళు

కెమియార్వి ఊరి చివర, రైలు పట్టాలకవతల
తువోవి గారేజీ.
ఫిబ్రవరి. బయట మైనస్ ఇరవై ఆరు.
తలుపు తీసిన ప్రతిసారీ చలి నేలబారుగా పాకి వచ్చి
మా బూట్ల వాసన చూసి పోతుంది.

నేను పనిలో చేరి పదకొండు నెలలు.
స్పానర్లు తుడవడం, కాఫీ కాచడం,
నోరు మూసుకుని చూడటం.

రెయిన్‌డీర్లకు మేత మోసే పాత వ్యాను
తోలుకొచ్చాడు తైస్తో.
రోజూ పొద్దున బండి బాగానే కదులుతుందట.
ఆగబోయేటప్పుడు, మనిషి నడిచేంత వేగానికి దిగగానే
పెడలు కాలికింద గడగడలాడుతుందట,
గీత దాటి రెండు మూరలు పోయి గానీ ఆగదట.
"నాలుగుసార్లు అలా చేశాక లైటు వెలుగుతుంది.
ఇక సాయంత్రం దాకా బుద్ధిగా ఉంటుంది."

"బుద్ధి కాదు, అలక," అంది తువోవి.
"ఇక నాకేం సంబంధం లేదని కంప్యూటరు చేతులెత్తేసింది.
అప్పుడు మిగిలేది నువ్వూ, నీ కాలూ, మంచూ."

డాష్‌బోర్డు మీద నల్లటేపు ముక్క.
రాత్రిళ్ళు కళ్ళలో గుచ్చుకుంటోందని అతికించాడట.
ఆవిడ గోటితో లేపింది.
కింద పసుపు దీపం,
ఎవరూ వినకపోయినా మాట మార్చని సాక్షిలా.

స్కానరు తగిలించాం:
ఎడమ వెనక చక్రం, వేగం సెన్సరు.
తైస్తో నవ్వాడు, ఏడవలేక.
రొవనియెమిలో అదే చెప్పి రెండుసార్లు మార్చారు,
రెండుసార్లూ బిల్లు కట్టాడు.

"ఫిర్యాదు ఏ వీధి నుంచి వచ్చిందో చెబుతుంది కోడు.
దొంగ ఏ ఇంట్లో ఉన్నాడో చెప్పదు."
అని మీటరు తీసింది.
పదకొండు వందల ఓములు. సెన్సరు నిక్షేపంగా ఉంది.
వైరును వేలితో మెలిపెట్టింది, వంచింది, లాగింది,
అంకె కదల్లేదు.
కనెక్టరు విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది.
తడి లేదు, పచ్చతుప్పు లేదు.
ఎర్తు తీగ బోల్టు మీద బర్రున రుద్దింది, ఎందుకైనా మంచిదని.

తర్వాత ఆసిలోస్కోపు.
"ఓయ్వా, చక్రం తిప్పు. మెల్లగా.
అంతకన్నా మెల్లగా. నీకేం రైలు తప్పిపోవట్లేదు."

తెర మీద అలలు లేచాయి,
ఒకదాని వెనక ఒకటి, ఒకే ఎత్తు, ఒకే ఎడం.
ఆవిడ పెదవుల్లో లెక్కపెడుతోంది.
నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఎనిమిది,
అక్కడ ఒక గుటక.
మళ్ళీ తిప్పాను. మళ్ళీ అక్కడే.
మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక పేరు దగ్గర
ఆగి సర్దుకునే మనిషిలా.

హబ్బు విప్పితే పళ్ళచక్రం కనబడింది.
ఎన్ని శరత్కాలాల రోడ్డు ఉప్పో,
దాని కింద తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి
ఉక్కును పగలదీసింది.
వెంట్రుక పట్టేంత చీలిక.
రెండు పళ్ళ మధ్య ఆ కాస్త ఎడం పెరిగితే చాలు,
చక్రం బిగిసిపోయిందనుకుని
జారుతున్నాం, జారుతున్నాం అని గగ్గోలు పెట్టి
బ్రేకు వదిలేస్తోంది కంప్యూటరు.
పాపం, దానికి తెలిసింది అదొక్కటే లెక్క.

కొత్త రింగు పద్నాలుగు యూరోలు.
కాఫీ గది పొయ్యిలో, నిన్నటి చేప రొట్టె పక్కన
వేడిచేసి, చల్లారేలోగా దిగ్గొట్టాం.
రెండు సెన్సర్ల బిల్లు సంగతి తైస్తో ఎత్తలేదు.
మేమూ ఎత్తలేదు.

గడ్డకట్టిన సరస్సు మీదికి తోలించింది తువోవి.
నడక వేగానికి దించాడు. పెడలు కదల్లేదు.
"ఇప్పుడు అరవైకి పో. పోయి గట్టిగా తొక్కు."
తొక్కాడు.
పెడలు మళ్ళీ గడగడలాడింది.
తైస్తో మొహం పాలిపోయింది.
"ఇదీ అదే కదా!"

"కాదు. ఇది నిజంది," అంది ఆవిడ.
"ఇప్పుడు నిజంగానే జారుతున్నాం."

వ్యాను వంకర పోకుండా
తిన్నగా, వణుకుతూ, ఆగింది.
మంచులో మా వెనక నల్లటి చుక్కల గీత.

పగిలిన రింగు నా దగ్గరే ఉంది, మేకుకు వేలాడుతూ.
కాఫీ మరిగేలోపు గోరు పెట్టి తిప్పుతుంటాను.
ఆ చోటు వస్తుందని తెలుసు,
అయినా ప్రతిసారీ వేలు ఉలిక్కిపడుతుంది.