తువ్వాలు కింద వేళ్ళు

ఇంటర్ దాకా జవాబుకు ఒక ఇల్లుండేది.
నూట పద్నాలుగో పేజీ, రెండో పేరా,
కింద నీలం సిరా గీత.
కళ్ళు మూసుకుని తలుపు తట్టినా తెరిచేది.
తెల్లవారుజామున ఐదున్నరకు స్టడీ అవర్,
రాత్రి పదికి లైట్లార్పే వార్డెను,
బెల్లు కొట్టందే
ఆకలి కూడా వేసేది కాదు.

ఇక్కడ బెల్లు లేదు.
మొదటి వారమంతా వరండాలో
దానికోసం చెవి ఒగ్గి నిలబడ్డాను.
పదకొండు గంటల క్లాసు పదకొండుంపావుకు మొదలైతే
ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు.
హాజరు పిలిచినప్పుడు
లేచి నిలబడి, చేతులు కట్టుకున్నవాణ్ణి
నేనొక్కణ్ణే.

ట్రంకు రోడ్డులో బేర్ యాక్టు కొన్నాను.
చేపల మార్కెట్టులో మొప్పలెత్తి చూసినట్టు
అట్ట ఎత్తి చూశాను.
జవాబులు లేవు.
సెక్షను, సెక్షను కింద వివరణ,
వివరణ కింద మినహాయింపు,
మినహాయింపు తోకకు మళ్ళీ ఒక 'అయితే'.
ఏ కథా కంచికి పోదు.

పొదలకూరు బస్సులో కిటికీ పక్కన
'ఏ' తన ఇల్లు 'బి'కి అమ్మజూపెను,
జవాబిచ్చేలోగా 'ఏ' మరణించెను, అని
పైకే చదువుతుంటే
టికెట్లు కొట్టే ఆయన ఆగి అడిగాడు:
"పాపం, ఎవురబ్బయ్యా? మనోళ్ళా?"

రెహనాది కోటమిట్ట.
మెన్స్ రియా అన్న మాట బోర్డు మీద చూసి
మేమంతా నోరు తిప్పుకుంటుంటే
"నీయత్" అంది, అంతే,
పెన్ను మూత పెట్టేసింది.
జలదంకి నుంచి వచ్చే మాల్యాద్రి
ఇంగ్లీషు తీర్పు ఒక్క పేజీ దాటడానికి
మూడు టీలు తాగుతాడు.
పేజీ చివర ఎవరు గెలిచారో
ఇంకా తెలీదంటాడు.

మొదటి ఇంటర్నల్‌కు ఆరు పేజీలు రాశాను.
కామా కూడా పోకుండా బట్టీ పట్టినవి.
కామాక్షి మేడం మార్కులు వేయలేదు.
మార్జిన్లో పెన్సిలుతో
రెండే ముక్కలు:
ఎవరి తరఫున?

పద్దెనిమిదేళ్ళొచ్చాయి,
నేనెప్పుడన్నా ఎవరి తరఫునైనా రాశానా?

కాంట్రాక్టు క్లాసులో ఉదాహరణ అడిగారు.
'ఏ'నీ 'బి'నీ పిలుద్దామనుకున్నాను,
నోట్లోంచి నిమ్మకాయలు దొర్లాయి.
"మా ఊరి యార్డులో రేటు నోటితో చెప్పరు మేడం.
తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుంటారు.
గట్టిగా నొక్కితే బేరం కుదిరినట్టు."

క్లాసు నవ్వింది.
మేడం నవ్వలేదు.
"నొక్కింది నాలుగు వేళ్ళు కాదు, మూడే అని
కొన్నవాడు రేపు అడ్డం తిరిగితే?
సాక్షి ఎవరు, తువ్వాలా?
రైతు తరఫున చెప్పు, పెంచలయ్యా."

చెప్పాను. ఆవేశంగానే చెప్పాను.
ఎండలో బస్తాల మీద కూలబడ్డ మొహాలు
చిన్నప్పట్నుంచీ చూసినవే.

"బాగుంది. ఇప్పుడు కొన్నవాడి తరఫున."

గొంతు పట్టేసింది.
ఫ్యాను తిరుగుతోంది, సీలింగులో పెచ్చు ఊగుతోంది.
మెల్లగా మొదలుపెట్టాను.
చీకట్లో చేసిన బేరానికి ఇద్దరిదీ పూచీ అన్నాను,
ఒకే చేతిని ఇద్దరు రెండుగా లెక్కపెట్టి ఉంటే
అసలు ఒప్పందమే పుట్టలేదన్నాను.
మాటలు వాటంతటవే వరస కట్టి వచ్చాయి,
రైతు కోసం వెతుక్కున్నవాటికన్నా
పదునుగా.

మాల్యాద్రి బల్ల చరిచాడు.
నాకు చెమట పట్టింది.
కొనేవాడి దగ్గరే మా నాయన గుమాస్తా.
నా ఫీజు కట్టింది ఆ మూడు వేళ్ళో, నాలుగో,
నేనెప్పుడూ అడగలేదు.

రాత్రి నాయన కాళ్ళు కడుక్కుని
మంచం పట్టె మీద తువ్వాలు ఆరేశాడు.
నిమ్మ పులుసుకు పగిలిన వేలి చివరలు,
వాటి మీద కొబ్బరి నూనె.
"ఈ పొద్దు ఏం పాఠం?"
"బేరం గురించి."
"అయిపోయిందా?"
"ఇంకా లేదు నాయనా."

"ఇంటర్లో డిసెంబరుకే
అన్నీ అయిపోయేవి గదరా," అన్నాడు
అన్నం కంచం దగ్గరకు లాక్కుంటూ.

నేను ఆయన చేతినే చూస్తున్నాను.
ముద్ద కలుపుతున్న వేళ్ళు
ఎన్నో లెక్కపెడుతూ.