లెఫ్ట్ హాఫ్

గుణుపురంలో నేను వార్తలు చదివే గది
ఒకప్పుడు ఉల్లిపాయల గోదాం.
గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి
ఇక ఇదే స్టూడియో అన్నాడు నిరాకార్ బాబు.
వానాకాలం వస్తే ఇప్పటికీ
ఆటల వార్తలకి ఉల్లి ఘాటే.

పదిహేడేళ్ళకి జూనియర్ జట్టులో లెఫ్ట్ హాఫ్‌ని.
వీపు మీద ఎనిమిది,
మోకాలికి అమ్మ వేసిన పసుపు పట్టు,
బస్సులో ఎప్పుడూ వెనక చక్రం మీది సీటు.
లెఫ్ట్ హాఫ్ అంటే
గోల్ కొట్టిన పిల్ల ఫోటో పేపర్లో పడ్డప్పుడు
అంచున సగం తెగి కనిపించే మోచెయ్యి.
అలాంటివి మూడు దాచుకున్నాను.
మూడింట్లోనూ మోచెయ్యి నాదే,
కావాలంటే మచ్చ చూపిస్తాను.

సంబల్‌పూర్‌లో ఎండిన మొరం మీద తిరగబోతే
మోకాలు టప్‌మంది.
చప్పుడు ముందు, నొప్పి తర్వాత.
రేడియో అంటే కూడా అదేనని
అప్పటికి నాకు తెలీదు.

తర్వాత రెండేళ్ళు
గీతకి ఇవతల కూర్చుని స్కోరు రాశాను.
ఒకరోజు చెప్పాల్సినాయన రాయగడ ఘాట్‌లో
లారీల వెనక ఇరుక్కుపోయాడు.
"నువ్వే చెప్పెయ్" అని మైకు నా మీదకి తోశారు.
మొదటి పది నిమిషాలు బంతి కంటే
నా నాలుకే ఎక్కువ పరిగెత్తింది.

ఒడియాలో చెప్తే, తెలెంగా యాస అంటారిక్కడ.
పాతపట్నం వెళ్ళి తెలుగు మాట్లాడితే
ఒరియా పిల్లా అని అడుగుతారు.
హాకీలో ఆఫ్‌సైడ్ ఎత్తేసి చాలా ఏళ్ళయింది.
నాకింకా ఎత్తెయ్యలేదు.

అమ్మ స్టేషన్ ముందు గారెలు వేస్తుంది.
సర్కిల్ అంటే ఆవిడకి మూకుడే.
నా గొంతు పెరిగితే మాత్రం పొయ్యి తగ్గిస్తుంది.
"ఆడినప్పటికంటే సెప్పినప్పుడే
బాగా పరిగెడతన్నావే" అంది ఒకసారి.
మెచ్చుకుందో గుచ్చిందో తేల్చుకోలేదు నేను.

నా మాటల్లో ఒక దొంగతనం ఉంది.
గోల్ పడగానే కొట్టిన పేరు చెప్పాలి కదా,
ముందు అందించిన పేరు చెప్తాను,
దానికి ముందు ఆపి ఇచ్చిన పేరు కూడా.
"జనానికి గోల్ కావాలమ్మా, వంశవృక్షం కాదు"
అని నిరాకార్ బాబు తల పట్టుకుంటాడు.

పోయిన ఆదివారం ఫైనల్.
చివరి స్ట్రోక్ సుబర్ని గొమాంగోది.
సవర పిల్ల, పుట్టసింగి కొండల మీంచి దిగి
నాలుగు గంటలు జీపు వెనక నిలబడి వచ్చింది.
విజిల్.
బంతి కర్ర అంచుకి తగిలి
బయటికి, మెల్లగా,
ఇంటి దారి తెలిసిన మేకలా వెళ్ళిపోయింది.

కర్ర ఏదో అందన్నట్టు
ఆ పిల్ల కర్రనే చూస్తూ నిలబడింది.
నేను ఏమీ చెప్పలేదు.
చెవుల్లో నిరాకార్ బాబు "కుహ, కుహ" అంటున్నాడు.
గాల్లో ఒక కాకి, ఐస్‌బండి గంట,
ఎవరిదో దగ్గు.
పన్నెండు సెకన్లని తర్వాత లెక్కకట్టారు.
చివరికి ఒడియా ప్రసారంలో
నా నోట్లోంచి జారింది:
"పోన్లేయే అమ్మా."

ఆ నెల జీతంలో రెండు వందలు కోత.
ఫోను చచ్చిందనుకుని అమ్మ
రెండుసార్లు అరచేతిలో కొట్టిందట,
గారెలు మాడాయట.

సాయంత్రం టేబుల్ దగ్గర వైర్లు చుడుతుంటే
సుబర్ని వచ్చింది,
బూట్లు చేతిలో, కాళ్ళకి ఎర్రమట్టి.
స్ట్రోక్ గురించి అడుగుతుందని
జవాబు వెతుక్కుంటున్నాను.

"దీదీ, మా ఊళ్ళో వింటున్నారు.
నా పేరు ఎన్నిసార్లు చెప్పావు?"

స్కోరు కాగితం వెనక్కి తిప్పి
గీతలు లెక్కపెట్టాను.
పదకొండు.
అందులో తొమ్మిది, నువ్వు అందించినవి.