చివర ఎవరో ఒకరు ఆపాలి

కోవిల్యాలో ఉన్ని మిల్లులు ఒక్కొక్కటే తలుపులేసుకున్నాక
వాగు పక్కన మాది మిగిలింది.
మా దుప్పట్ల అంచు ఎలా నెయ్యాలో మగ్గానికి చెప్పేది
పిజ్జా డబ్బా అంత పల్చటి యునిక్స్ పెట్టె.
సోమవారం పొద్దున దాని హార్డ్ డ్రైవ్
మూడుసార్లు కీచుమని
నాలుగోసారికి మూగబోయింది.

దెయొలిందా వచ్చింది.
సంచిలో స్క్రూడ్రైవర్లు, తినడం మరిచిపోయిన ఒక నారింజ.
"ఏదో ఒక డిస్కు పట్టదా?" అన్నాడు కుష్తోదియు.
"పట్టదు."
అంతే, వివరం లేదు.
వివరం నేను చెప్తాను,
నాలుగు రోజులు కేబుల్ పట్టుకుని నిలబడింది నేను కాబట్టి.

ముందు పిన్నులు లెక్కపెట్టాలి.
దీనికి కావలసినవి యాభై.
పాత సామాన్ల కొట్లో దొరికేవి అరవై ఎనిమిది, కాకపోతే ఎనభై.
మధ్యలో అడాప్టర్ ముక్క పెట్టొచ్చు,
కానీ వెడల్పు డ్రైవ్‌లో సగం తీగలు గాల్లో వేలాడతాయి,
వాటి నోళ్ళు కూడా మూయాలి.
మూసే అడాప్టర్ ఖరీదు, మూయనిది చవక.
మేం మొదట చవకదే కొన్నాం.

పోర్తో నుంచి ఒకటొచ్చింది, ఎవరో బ్యాంకు వాళ్ళు పారేసింది.
కొత్త నాణెంలా ఉంది, చక్కగా తిరుగుతోంది,
కానీ సెక్టారుకి ఐదువందల ఇరవై బైట్లు.
మా పెట్టె ఎరిగినవి ఐదువందల పన్నెండే.
ఆ పైనున్న ఎనిమిదీ
లెక్క తప్పిందేమోనని బ్యాంకు దాచుకున్న అనుమానం.
దాన్ని కడగడానికి రాత్రంతా ఫార్మాట్ నడిచింది.
తెల్లారేసరికి డిస్కు బ్యాంకుని పూర్తిగా మరిచిపోయింది.

ఇంకొకదాన్ని దెయొలిందా నన్ను ముట్టనివ్వలేదు.
లేబుల్ మీద గుర్తు పక్కన అక్షరాలు వేరేవి.
"దీని కరెంటు భాష వేరు. తగిలిస్తే కంట్రోలర్ కాలిపోవచ్చు."
డిస్కు పోతే జ్ఞాపకమే పోతుంది,
కంట్రోలర్ పోతే పెట్టెకి చెవులు పోతాయి.
చెవులు ఏ కొట్లోనూ తూకానికి అమ్మరు.

బ్యాంకు డిస్కే ఖాయం అయింది.
ముప్పై ఆరు గిగాబైట్లు.
పెట్టెకి రెండింటి దాకానే లెక్కొచ్చు.
ఒక మూల గిరి గీసి, నువ్వింతే అని చెప్పాం.
మిగతాది బీడు.

ఇక నంబరు.
పాత పెట్టె లేవగానే మూడో నంబరునే పిలుస్తుంది.
ఒకటి దగ్గర ఒక జంపర్, రెండు దగ్గర ఇంకొకటి.
రెండోది పట్టకారులోంచి జారి
నేల మీద ఉన్ని తుక్కులో పడింది.
ముగ్గురం మోకాళ్ళ మీద వెతికాం,
పేనంత నల్లటి ప్లాస్టిక్ కోసం.

అయినా లేవలేదు.
ఒకసారి ఔనంటుంది, ఒకసారి అసలు డిస్కే లేదంటుంది.
అప్పుడు దెయొలిందా కేబుల్ కొసని వేలితో తట్టింది:
"చివర ఎవరో ఒకరు ఆపాలి.
ఆపకపోతే అన్న మాటే గోడకి కొట్టుకుని వెనక్కొచ్చి
తర్వాతి మాట మీద పడుతుంది."

ఎనభై పిన్నులదానికి సొంత టెర్మినేటర్ ఉండదట.
అది కొనుక్కొచ్చేందుకు గువార్దా దాకా మనిషి వెళ్ళాడు.
ఆ మధ్యాహ్నమంతా కుష్తోదియు
అంచు తలకిందులైన మూడువందల దుప్పట్ల కథ చెప్పాడు.
మేం రోజూ వింటాం,
వింటూనే లేచి వెళ్ళిపోతాం,
అతను మర్నాడు మళ్ళీ మొదలుపెడతాడు.
దెయొలిందా లేవలేదు.
నారింజ ఒలుచుకుంటూ ఆఖరి దుప్పటి దాకా విన్నది.
ఆ వారం అతను మళ్ళీ ఆ కథ ఎత్తలేదు.

గురువారం సాయంత్రం డిస్కు దొరికింది.
గడియారం చిప్పులో బ్యాటరీ చచ్చి
పెట్టెకి తన పేరు తెలియదు, ఏ ఏడో తెలియదు.
చెప్పాం. నమ్మింది.
టేపు మీంచి డిజైన్లు దిగాయి, పదకొండు తప్ప.
వాటిలో రెండు కుష్తోదియు గళ్ళ కాగితం మీద వేసిచ్చాడు,
మిగతావి గుర్తు లేవన్నాడు.

ఇప్పుడు మగ్గం నడుస్తోంది.
నేను మాత్రం అప్పుడప్పుడు
ఆ ముప్పై నాలుగు గిగాబైట్ల బీడు గురించి ఆలోచిస్తుంటాను,
ఎవరూ పిలవని చోట
నిమిషానికి పదివేల చుట్లు.