ఏడిళ్ళ పిల్లి

లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంది.
నీలం అట్ట, లియెపాయ రేవు పక్క కొట్లో కొన్నది.
ఎవరెంత ఇచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు,
ఏ నెల ఏ గూట్లో మా సర్వర్ తలదాచుకుంది,
ఇరవై ఏళ్ళు, అంతా నా చేతిరాతే.

పిల్లి తన కూనల్ని నోట కరుచుకుని
ఏడిళ్ళు తిప్పుతుందంటారు.
మేమొక దీవిని తిప్పాం.
పదహారు మందికే చోటున్న దీవి.
రాత్రంతా చేపలు పట్టడం, ఒకరి పడవ ఒకరు తగలబెట్టడం,
పొద్దున బడి మెట్ల మీద ఎదురుపడి
ఏమీ ఎరగనట్టు తలొంచుకోవడం.

మొదటిల్లు రైటిస్ వాళ్ళమ్మ బేకరీలో పిండి గది.
ఫ్యాను రెక్కల నిండా రై పిండి,
యంత్రం ముసలి గుర్రంలా దగ్గేది.
తెల్లారగట్ల నాలుగింటికి ఆవిడ పొయ్యి వేస్తే
ఫ్యూజు ఎగిరిపోయేది.
ఎక్కడివాళ్ళం అక్కడే, ఎత్తిన గాలం ఎత్తినట్టే.
ఆ నెల పద్దు: ఫ్యూజులు మూడు. రొట్టెలు, ఊరకే.

తర్వాత బడి. భూగోళం గది బీరువాలో, గ్లోబు వెనక.
"ఏమిటా రొద?" అంది హెడ్మిస్ట్రెస్ జిగ్రీద.
"వాతావరణ కేంద్రమండీ" అన్నాడు ఐనార్స్ మాస్టారు
కళ్ళజోడు తుడుచుకుంటూ.
చలికాలమంతా నమ్మింది.
మార్చిలో ఒకరోజు స్వయంగా వచ్చి
రేపు గాలి ఎటునుంచని అడిగింది.
పడమర, అన్నాడు. పడమరే వీచింది.
మా ఊళ్ళో ఎప్పుడూ పడమరే.

రీగాలో అద్దె యంత్రం, నెలకి పదకొండు లాట్లు.
కంపెనీవాడు రాత్రికి రాత్రి బోర్డు తిప్పేశాడు.
గుండెగ దగ్గర డిస్కులో దీవి నకలు దొరికింది,
పదకొండు రోజుల పాతది.
లాట్లూ రోజులూ ఒకే గడిలో రాశాను.

ఆ పదకొండు రోజుల్లోనే విల్నిస్
దీపస్తంభం పైకప్పు పూర్తి చేశాడు.
రేవులో రాత్రి కాపలా మనిషి,
మాకన్నా ముప్పై ఏళ్ళు పెద్ద.
అసలు దీపస్తంభం కిటికీలోంచి కనబడుతూంటే
చూసి చూసి రాయి రాయీ పేర్చాడు.
కాస్త ఒరిగింది. బాగుందన్నాడు.
నకలులో అది మోకాలెత్తే ఉంది.
మళ్ళీ కట్టమంటే
"కూలిందైతే కడతాను.
నేనసలు కట్టనేలేదని కదా ఇది అంటోంది" అన్నాడు.
ఆ తర్వాత రెండుసార్లు వచ్చాడు.
గాలం తియ్యలేదు.

నాలుగోది ఐర్లండు.
ఊళ్ళో పనుల్లేని ఏడు, మాలో సగంమంది
పుట్టగొడుగుల షెడ్లకి వెళ్ళారు.
దీవీ వాళ్ళ సంచిలోనే వెళ్ళింది,
ఆరు మంచాల గదిలో తడి బూట్ల పక్కన కాపురం.
అంత దూరం నుంచి మాట చేరేసరికి
గురిపెట్టిన చేప గజం జరిగేది.
ఐదోది గుర్తులేదు. ఆ పేజీ మీద టీ మరక.

ఆరోది ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కడో.
మాలో ఎవరూ చూడని భవనం, యంత్రంలో యంత్రం,
వేడెక్కితే తాకి చూడ్డానికి లేదు.
ఒక్క రాత్రీ ఆగలేదది.
లాట్లు పోయి యూరోలొచ్చాయి, బ్యాంకే కోసుకునేది,
పుస్తకం తెరిచే పనే లేకపోయింది.
ఫ్యూజు పోయిందని ఫోను చేసుకోవడం
ఎప్పుడు మానేశామో తెలీదు.

ఇప్పుడు నా వంటింటి కిటికీ.
అరచేతంత పెట్టె, సోయికూర కుండీ పక్కన.
నెలకి కరెంటు రెండు యూరోలు.
నేనే ఇచ్చి, నా పేరున నేనే జమ రాస్తాను.
ఆదివారాలు నలుగురం. ఒక్కోసారి ముగ్గురం.

మొన్న రైటిస్ కూతురు ఇల్వ వచ్చింది, తొమ్మిదేళ్ళది.
దీవంతా గిరగిరా తిరిగి
ఒరిగిన ఆ రాళ్ళ గుండ్రం దగ్గర ఆగి
"ఈ బావిలో నీళ్ళేవీ?" అంది.
రైటిస్ మైకు నొక్కిన చప్పుడైంది, మాట రాలేదు.
నేను చెప్పబోయేలోగా
సముద్రందాకా పోయి బాల్చీడు తెచ్చి పోసింది.
మళ్ళీ వెళ్ళింది.

పుస్తకం తీసి తేదీ వేశాను.
బాల్చీలు పద్నాలుగు.
ఇంకా నిండలేదు.