అనుబంధం ఏడు

ఫార్మింగ్టన్‌లో, మోటెల్ వాళ్ల మీటింగు హాల్లో
రాయల్టీ సలహా సంఘం మూడో సమావేశం.
పదిహేనుమంది సభ్యులు, పదిహేను నీళ్లసీసాలు,
గోడవారన నేనూ, నా మీటల పెట్టే.
అన్నది అన్నట్టు రాయడం నా కొలువు.
అననిదానికి జీతం లేదు.

పొద్దుటినుంచీ ఒక్క మాట మీదే కూచున్నారు:
'తగు ఖర్చులు'.
బావి దగ్గర్నించి గొట్టందాకా మోసిన ఖర్చు,
గ్యాసులో తేమ పిండిన ఖర్చు,
అదిమిపట్టిన ఖర్చు,
అన్నీ పోను మిగిలినదాంట్లో ఎనిమిదో వంతు.
కంపెనీల తరఫు హాల్వర్‌సెన్ గారు
'తగు'కి ముందు కామా ఉండి తీరాలన్నారు.
రాష్ట్రం తరఫు ఆవిడ వద్దన్నారు.
కామా చుట్టూ రెండు గంటలు తిరిగాం,
గానుగెద్దుకైనా సాయంత్రానికి చిట్టెడు నూనె కనబడుతుంది.
దాని ఖరీదు ఏడాదికి నలభై లక్షల డాలర్లని
వెనక వరసలో ఎవరో గొణిగారు.
మైకులో పడలేదు, రాయలేదు.

భోజనాలయ్యాక ప్రజల వంతు.
మనిషికి మూడు నిమిషాలు.

నగీజీ నుంచి డెల్ఫీనా చిస్చిలీ.
బురద ఆరిన కాన్వాసు బూట్లు,
జిప్పు ఊడిన సంచికి పిన్నీసు.
ఆమె దినే భాషలో చెబుతుంది, మనవడు ఇంగ్లీషులో చెబుతాడు,
అంటే ఒక్కొక్కరికి నిమిషంన్నర.
ఆమె మాట్లాడినంతసేపూ నా కాగితం మీద
ఒక్కటే వాక్యం: 'వక్త స్వభాషలో మాట్లాడారు.'
మనవడు మాట్లాడినప్పుడు మాత్రం వేళ్లు కదిలాయి:

మా తాతకి నూట అరవై ఎకరాలు రాసిచ్చారు.
ఇప్పుడా నేలకి మూడువందల పన్నెండుమంది వారసులం.
నలుగురు చచ్చిపోయారు, వాళ్లకీ చెక్కులొస్తున్నాయి.
నా వంతు ఈ నెల పదకొండు సెంట్లు.
కవరు మీద స్టాంపు అంతకి ఐదింతలు.
అది కాదు నేనడగొచ్చింది.
ఇంటి వెనక బావి గొట్టం మీద మంట మూడేళ్లుగా ఆరలేదు.
గొర్రెలు రాత్రిని మరిచిపోయాయి,
అర్ధరాత్రి లేచి మేస్తున్నాయి.
వృథాగా కాలినదానికి రాయల్టీ లేదన్నారు, సరే.
ఆ వెలుతురు ఎవరి పద్దులో రాశారు?

ఎర్ర దీపం వెలిగింది.
అధ్యక్షులవారు కళ్లజోడు తీసి తుడుచుకుని
'మీ వ్యాఖ్య గమనంలోకి తీసుకున్నాం' అన్నారు.
అదీ రాశాను, అన్నది అన్నట్టు.

వెళుతూ వెళుతూ నా బల్ల దగ్గర ఆగింది.
సభ్యుల బల్ల దూరం, మోకాళ్ల నొప్పులేమో.
పిన్నీసు తీసి, చెక్కు తీసి, నా మీటల పక్కన పెట్టి
తనకొచ్చిన ఇంగ్లీషులో అంది:
రాసేది నువ్వే కదా.

సభలో దాఖలైన ప్రతి కాగితానికీ నంబరు వెయ్యాలి.
వేశాను.
అనుబంధం ఏడు: చెక్కు, ఒకటి. పదకొండు సెంట్లు. మార్చుకోలేదు.

సెప్టెంబరులో సంఘం గడువు తీరింది.
ఇరవైమూడు సిఫార్సులు చేసి, కామాతో సహా,
ఎవరి విమానం వాళ్లు ఎక్కారు.
కాగితాలు నేలమాళిగలోకి దిగాయి.

చలికాలంలో మనవడు ఫోన్ చేశాడు, నవ్వాపుకోలేక.
డెన్వర్ నుంచి ఉత్తరాలొస్తున్నాయట, ఇది మూడోది.
పదకొండు సెంట్లు తేలక ఆ ఏడాది పద్దు మూతపడటం లేదు,
చెక్కు పోయిందా? చిరిగిందా? జతపరిచిన ఫారం నింపండి.
అమ్మమ్మ ఆ ఫారాలతో పొయ్యి రాజేస్తోందట.

ఎక్కడుందో నాకు తెలుసు.
పధ్నాలుగో పెట్టె, అడుగునుంచి రెండో కట్ట.
డెన్వర్ వాళ్లు నన్నడగలేదు.

మొన్న అటువైపు పనిబడి తిరిగొస్తూ
రోడ్డు పక్కన కారాపాను.
ముళ్లకంచె అవతల గొర్రెలు తల వంచుకుని మేస్తున్నాయి,
వాటి నీడలు పొడుగ్గా నా చక్రాలదాకా వచ్చాయి.
అలవాటుకొద్దీ టైము రాసుకున్నాను:
పన్నెండూ నలభై.