రెండు గిన్నెలు

షామ్ షుయ్ పోలో మా వీధి మలుపున
సొరకాయ ఆకారంలో ఒక ఇత్తడి కాగు
పొద్దున్నుంచి రాత్రిదాకా ఆవిరి వదులుతూనే ఉండేది.

నాకు నోరు పూసింది. ఒళ్లు కాస్త వెచ్చన.
మినీబస్సు డ్యూటీ దిగి, చొక్కా అయినా మార్చకుండా
నాన్న నన్ను భుజాన వేసుకొచ్చాడు.

"ఏం తినిపించావు, కియూంగ్?"
ఫుంగ్ అత్త కళ్లద్దాల పైనుంచి చూసింది.
"ఏముంది, గంజే."
నాన్న మెడలో మొహం దాచుకున్నాను.
నిన్న అర్ధరాత్రి, అమ్మ ఆసుపత్రి షిఫ్టులో ఉండగా
ఇద్దరం కలిసి పదకొండు కోడిరెక్కలు,
నూనె కారే వేపుడు,
ఎముకలు పేపర్లో చుట్టి పారేశాం.

అత్త ఇంకేం అడగలేదు.
చెరకూ దర్భవేరూ కలిపి కాచిన నీళ్లు పోసింది.
వాన వెలిశాక గడ్డివాసన,
అడుగున మెత్తబడ్డ క్యారెట్ ముక్క.
"ఇది పిల్లకి. వేడి దిగుతుంది."
ఇంకో గిన్నె నింపింది, సిరాలా నల్లగా.
ఇరవై నాలుగు మూలికలట, ఒక్కటీ మంచి మాట చెప్పేది కాదు.
"ఇది, గంజి తాగినవాడికి."

నాన్న ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో దింపాడు.
కళ్లలో నీళ్లు తిరిగాయి.

పిల్లలకు ఎప్పుడూ ఇచ్చేదే,
ఉప్పులో ఊరిన ప్లమ్ పండు
నా గిన్నె పక్కన పెట్టింది అత్త.
సగం కొరికి
మిగతా సగం, గింజతో సహా,
నాన్న నోట్లో పెట్టాను.

రాత్రి అమ్మ నా నుదుటిమీద చెయ్యేసి
"ఏం తిన్నావే?" అంది.
గంజి, అన్నాం
ఇద్దరం ఒకేసారి.